నాయిన పాత కాగితం, నా ఎండోస్కోపీ

మా ఇంట్లో అన్నవాహిక క్యాన్సర్‌తో ఇద్దరు పోయారు. ముందు పెద్దనాయిన, తర్వాత 2012లో మా నాయిన. ఊళ్లో వాళ్లకు ఇద్దరిదీ ఒకటే లెక్క, "వాళ్ల ఇంట్ల గొంతు క్యాన్సర్ ఉన్నది" అంటారు, నాకు పిల్లనిచ్చేటప్పుడు కూడా ఎవరో ఈ మాట ఎత్తారని మా అత్తమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. నాకేమో పదేళ్ల పైనుంచి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. నాకూ వచ్చింది, పోయి చూపించుకున్నా. అక్కడ ఏం అడిగారు, ఏం చేశారు, ఏం తేలింది అన్నీ రాస్తున్నా, ఎందుకంటే వెళ్లే ముందు నేను ఎంత వెతికినా వాము నీళ్లు, జీలకర్ర కషాయం తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటి దొరకలేదు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తా. వడ్ల సీజన్ మొదలైతే లారీలు రాత్రి పూట కూడా దిగుతాయి, తూకం చీటీలు అయ్యేసరికి పదకొండు, పన్నెండు, అప్పుడు ఇంటికి పోయి అన్నం, మాంసం కూర ఉంటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ, తిన్న పది నిమిషాలకు మంచం ఎక్కుడు. రోజంతా కుర్చీ, గంటకో చాయ్. వయసు నలభై ఆరు, బరువు తొంభై దాటింది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే చాలు, గొంతులోకి పులుపు తన్నుకొచ్చేది. రాత్రి ఒకోసారి ఊపిరి ఆడనట్టు దగ్గుతూ లేచి కూర్చునేవాణ్ణి, నోరంతా చేదు. గ్యాస్ గోలీ షర్టు జేబులో పెన్ను పక్కనే ఉండేది. మంట లేచినప్పుడు ఒకటి, మాంసం తిన్నాక ముందు జాగ్రత్తకు ఇంకొకటి. మా మిల్లులో హమాలీల దగ్గర కూడా అదే గోలీ ఉంటుంది, చాయ్‌లో బిస్కెట్ తిన్నంత మామూలుగా వేసుకుంటారు.

నాయినకూ ఇదే మంట. హాలియా దగ్గర మా ఊళ్లో కిరాణం కొట్టు ఉండేది ఆయనకు. చుట్ట ముట్టలేదు, కల్లు కూడా పండుగకు పబ్బానికి ఒక సీసా, అంతే. కొట్లో కూర్చున్న చోటే ఈనో ప్యాకెట్ చింపి గ్లాసులో పోసుకునేవాడు, అది పొంగుతుంటే చూడటం చిన్నప్పుడు మాకు సరదా. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసిపోయేవాడు. అట్లా ఇరవై ఏళ్లు. చివరి ఏడాది "ముద్ద దిగుతలేదు" అనడం మొదలుపెట్టాడు. ముందు జొన్న రొట్టె మానేసి అన్నం, తర్వాత అన్నం మెత్తగా పిసికి చారు పోసుకుని, తర్వాత జావ. మనిషి సగమయ్యాక గానీ హైదరాబాద్ తీసుకుపోలేదు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌లో చూపిస్తే అప్పటికే కాలేయానికి పాకింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు, మింగడానికి వీలుగా లోపల స్టెంట్ అనే గొట్టం వేశారు, దాంతో ఇంకొన్నాళ్లు పాలు, జావ దిగినయ్. పోయేనాటికి ఆయనకు యాభై ఎనిమిది.

ఇది తెలిసి కూడా నేను ఇన్నేళ్లు ఎందుకు పోలేదంటే, మంట గోలీకి తగ్గుతుండేది గనక. మొన్న చలికాలంలో జొన్న రొట్టె, పచ్చిపులుసు తింటుంటే ఒక ముక్క సరిగ్గా రొమ్ము ఎముక వెనక ఆగినట్టయింది. నీళ్లు తాగితే ఒక నిమిషానికి కిందికి జారింది. నేను ఏమీ అనలేదు, కానీ మా ఆమె నా ముఖం చూసింది. నాయినకు ఆరు నెలలు జావ కాచి పోసింది ఆమెనే. "రేపు మిల్లుకు పోయేది లేదు, నల్లగొండ పోతున్నం" అన్నది, అంతే, ఇంకో మాట లేదు.

గడియారం సెంటర్ దగ్గర ఒక గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించాం. నేను అనుకున్నది, పోగానే నోట్లోంచి పైపు వేసి, అదే ఎండోస్కోపీ, చూస్తాడని. ఆయన ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. మంట ఎన్నేళ్ల నుంచి, వారానికి ఎన్నిసార్లు, రాత్రి లేస్తారా, ముద్ద రోజూ ఆగుతుందా ఒక్కసారేనా, బరువు దానంతటదే తగ్గిందా, విరేచనం నల్లగా తారులా వచ్చిందా, వాంతిలో రక్తం పడ్డదా, రక్తం తక్కువుందని ఎవరైనా అన్నారా. ముద్ద ఆగుడు, బరువు తగ్గుడు, రక్తం పోవుడు, మింగితే నొప్పి, వీటిలో ఏది ఉన్నా వయసుతో, వంశంతో పని లేకుండా వెంటనే చూడాల్సిందే అన్నాడు. అప్పుడు నేను మా ఇంట్లో ఇద్దరి సంగతి చెప్పా. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఏ రకం క్యాన్సర్? అన్నవాహికలో ఎక్కడ, పైననా, మధ్యలోనా, కింద కడుపు దగ్గరనా?" అని అడిగాడు.

నాకు తెల్వదు. మా ఆమెకు తెల్వదు. క్యాన్సర్‌లో మళ్లీ రకాలుంటాయని కూడా మాకెవరికీ తట్టలేదు.

"పాత బయాప్సీ కాగితం, అంటే ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు, ఉంటే తీసుకురండి, దాన్ని బట్టి మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ ఆదివారం ఊరికి పోయి అమ్మను అడిగితే, "ఆ కాయితాలు గిప్పుడెందుకు కొడుకా" అని చాలాసేపు కదలలేదు. విషయం చెప్తే ఇంకా భయపడుతుందని, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగారని చెప్పా. ట్రంకు పెట్టె తీసింది. పట్టాదారు పాసు పుస్తకం, పాత రేషన్ కార్డు, వాటి కింద నాయిన ఆరోగ్యశ్రీ కాగితాలన్నీ ఒక చీర పేలికతో కట్టి ఉన్నయ్, మధ్యమధ్యలో వేపాకు. ఎక్స్‌రే కవర్లు ఒకదానికొకటి అతుక్కుపోయినయ్ గానీ బయాప్సీ కాగితం బాగానే ఉంది. కింద టైపు చేసి ఉంది: అడినోకార్సినోమా, జీఈ జంక్షన్. అంటే అన్నవాహిక కడుపులో కలిసే చోటు. పెద్దనాయిన కాగితాలు మా అన్న, అంటే ఆయన కొడుకు, సూర్యాపేట నుంచి వాట్సాప్‌లో పంపాడు. అందులో స్క్వేమస్ సెల్ కార్సినోమా అని ఉంది, అన్నవాహిక నడిమి భాగంలో.

ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి డాక్టర్ చెప్పింది వినేసరికి, పన్నెండేళ్లుగా మేం ఒక్కటే రోగం అనుకున్నది రెండు వేరువేరు రోగాలని అర్థమైంది. మన దేశంలో ఎక్కువగా కనపడేది స్క్వేమస్ రకమట, పెద్దనాయినకు వచ్చింది అదే. పొగాకు, సారా, జర్దా, వక్క, పళ్లూ కూరగాయలూ సరిగ్గా లేని తిండి, ఇవి దాని కారణాలు. పెద్దనాయిన ఉదయం లేస్తే చుట్ట, సాయంత్రం గుడుంబా, దౌడన కింద ఎప్పుడూ తంబాకు. పొయ్యి మీది నుంచి దింపిన చాయ్ దింపినట్టే తాగేవాడు, మేం వింతగా చూసేవాళ్లం. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే అలవాటు కూడా అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పిందని డాక్టర్ అన్నాడు. యాసిడ్ మంటకూ ఈ రకానికీ పెద్దగా సంబంధం లేదు.

నాయినది వేరే దారి. కడుపులోని యాసిడ్ ఏళ్ల తరబడి పైకి ఎగదన్ని అన్నవాహిక కింది చివరను కాలుస్తూ ఉంటే, కొందరిలో అక్కడి పొర మారిపోయి, యాసిడ్‌ను తట్టుకునే పేగు లాంటి పొర ఏర్పడుతుంది. దాన్ని బారెట్స్ ఈసోఫేగస్ అంటారు, 1950లో దీని మీద రాసిన నార్మన్ బారెట్ అనే సర్జన్ పేరు మీద. మా సాగర్ ఎడమ కాలువకు లైనింగ్ లేచిపోయిన చోట అందుబాటులో ఉన్న మట్టీ రాళ్లూ వేసి సరిపెడతారు చూడండి, ఒళ్లు కూడా అట్లాంటి పనే చేస్తుందన్నమాట. ఆ పొర వల్ల నొప్పి ఉండదు, కొందరికి మంట కూడా తగ్గినట్టే ఉంటుంది. ఆ మారిన పొరలోనే, అదీ కొద్దిమందిలోనే, అడినో రకం క్యాన్సర్ మొదలవుతుంది.

మా జిల్లాలో ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెట్టడం అలవాటు. మా అమ్మ ఇప్పటికీ నాయినను బోరు నీళ్లే తిన్నాయంటుంది. నేనూ అడిగా. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పట్టి పీడిస్తుంది, ఈ క్యాన్సర్‌ను దాని ఖాతాలో రాయడానికి లేదు అన్నాడు డాక్టర్.

"అయితే సార్, మంట ఉన్నోళ్లందరూ పైపు వేయించుకోవాల్నా?" అని మా ఆమె అడిగింది. అవసరం లేదట. అట్లా మొదలుపెడితే నల్లగొండలో సగం మంది లైన్లో ఉంటారని నవ్వాడు. ఏళ్ల తరబడి మంట ఉండి, దానికి తోడు మగవాడు, యాభై దాటిన వయసు, పొట్ట, పొగతాగే అలవాటు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి బారెట్స్ గానీ అడినో రకం క్యాన్సర్ గానీ ఉండటం, ఇట్లాంటివి మూడు కలిస్తే ఒకసారి చూసుకోవాలని అమెరికా డాక్టర్ల సంఘం నియమాల్లో ఉంది. అవి అక్కడి వాళ్లను చూసి రాసినవి, మన దగ్గర బారెట్స్ తక్కువే, అయినా మీ లెక్క వేద్దాం అని వేళ్లు మడిచాడు. మగవాడు, పొట్ట, తండ్రికి అదే రకం. పైగా ముద్ద ఆగింది. "మీకు మాత్రం చెయ్యాలి."

ఇక్కడ ఒకటి గమనించండి, నాయినది కూడా స్క్వేమస్ అయ్యుంటే నా కుటుంబ చరిత్ర ఈ లెక్కలోకి వచ్చేదే కాదు. ట్రంకు పెట్టెలోని ఆ ఒక్క కాగితంతో ఇంత తేడా. మీ ఇంట్లో ఎవరైనా ఈ రోగంతో పోయుంటే, బిల్లులు పారేసినా పర్లేదు గానీ బయాప్సీ కాగితం మాత్రం దాచండి, ఫోటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పంపండి.

పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గోలీ పూర్తిగా ఆపమన్నాడు. గోలీ మింగుతూ పోతే లోపలి పుండ్లు మానినట్టు కనపడతాయి, హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. మరీ ఆగకపోతే తెల్లమందు, అదే యాంటాసిడ్ సిరప్, తాగొచ్చన్నాడు. మొత్తం వ్యవహారంలో నన్ను ఏడిపించింది పైపు కాదు, ఈ రెండు వారాలే. గోలీ ఆపితే మంట ఒకటికి రెండింతలైంది, ఏళ్ల తరబడి వాడి ఆపితే కొన్నాళ్లు యాసిడ్ ఎక్కువగానే ఊరుతుందట. కూర్చుని నిద్రపోయిన రాత్రులున్నయ్. తట్టుకోలేక మెడికల్ షాపుకు పోతే ఆయన పాత కాలపు రానిటిడిన్ ఇవ్వబోయాడు. ఆ మందును 2022లో కేంద్రం అత్యవసర మందుల జాబితా నుంచి తీసేసింది, అందులో క్యాన్సర్ కారకమనే అనుమానం ఉన్న ఒక పదార్థం బయటపడటమే దాని వెనక గొడవ. క్యాన్సర్ భయంతో పరీక్షకు పోతూ ఆ గోలీ ఎట్లా మింగుతా, తెల్లమందు సీసాతోనే సరిపెట్టుకున్నా.

పరీక్ష రోజు ఉదయం. ముందు రాత్రి ఎనిమిదికి తిన్నదే, ఆ తర్వాత ఏమీ లేదు, పొద్దున బీపీ గోలీకి ఒక గుటక నీళ్లు తప్ప. మత్తు కావాలా అని అడిగారు. మత్తు ఇస్తే తెలియదు గానీ ఆ రోజు బండి నడపొద్దు, పక్కన మనిషి ఉండాలి, ఖర్చు ఎక్కువ. వద్దన్నా. సిస్టర్ గొంతులో స్ప్రే కొట్టింది, చేదు, ఘాటు, రెండు నిమిషాల్లో నాలుక మొదలు, గొంతు నావి కాకుండా పోయినయ్. గుటక వేస్తున్నానో లేదో కూడా తెలియదు, ఆ క్షణంలో మాత్రం కాస్త కంగారు పడ్డా. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో మధ్యలో కంత ఉన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి పట్టీ బిగించారు, పైపును కొరకకుండా. చెంప కింద ఒక ట్రే.

పైపు నా చిటికెన వేలంత లావు ఉంటుందేమో, నల్లగా, కొన దగ్గర లైటు. "ఒక్కసారి గుటక వెయ్యండి" అన్నాడు. వేసిన మరుక్షణం పెద్ద ఓకరింపు, కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, ఏం లేని కడుపు బయటికి రావాలని చూసింది. సిస్టర్ భుజం మీద చెయ్యి వేసి "ముక్కుతోని గాలి పీల్చున్రి, ఉమ్మి మింగకున్రి, కారనియ్యున్రి" అంటూనే ఉంది. ఆ మాట పట్టుకుంటే చాలు. ముక్కుతో నిదానంగా పీల్చినప్పుడల్లా ఓకరింపు వెనక్కి తగ్గింది. కడుపులోకి గాలి ఊదుతారు, లోపలి మడతలు విప్పారడానికి, దాంతో పెద్దపెద్ద తేన్పులు వచ్చినయ్, సిగ్గు పడాల్సిన పని లేదని ఆమెనే అన్నది. ఊపిరి మాత్రం ఆగదు, పైపు పోయేది వేరే దారిలో.

తెర నాకు సగం కనపడింది. అన్నవాహిక పొర లేత గులాబీ, తెలుపు కలిసిన రంగు, నున్నగా. కిందికి పోయేకొద్దీ ఎర్రటి చారలు, గోళ్లతో రక్కినట్టు, వాటి మీద తెల్లటి పొరలు. అక్కడి నుంచి పైపు కడుపులోకి పోయి, అక్కడ వెనక్కి తిరిగి తాను వచ్చిన దారినే చూసింది, అది చూసి నాకు ఓకరింపు కూడా మర్చిపోయింది. కడుపులోంచి గింజంత ముక్క తీసి పసుపు రంగు మందులో వేశారు, హెచ్ పైలోరీ ఉంటే అది గులాబీగా మారుతుంది. మారలేదు. లోపల ఉన్నది మొత్తం పది నిమిషాల లోపే. గొంతు తిమ్మిరి పోయేదాకా, దాదాపు గంట, మంచినీళ్లు కూడా వద్దన్నారు, పొలమారుతుందని. తర్వాత చల్లటి పాలు తాగా. గొంతు గరగర మర్నాటికి లేదు.

రిపోర్టులో మూడు విషయాలున్నయ్. గడ్డ లేదు, అది ముందే చెప్పాడు, మా ఆమె అక్కడే కుర్చీలో కూలబడి కొంగు ముఖం మీద పెట్టుకుంది. రెండోది, హయాటస్ హెర్నియా, అంటే కడుపు పై భాగం కొంచెం పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న కండరం కంతలోంచి పైకి జారింది, అందుకే వంగితే పులుపు వస్తున్నది. మూడోది, ఎల్ఏ గ్రేడ్ సి. యాసిడ్ పుండ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు మెట్లుగా రాస్తారట, నాది మూడో మెట్టు. ముద్ద ఆగింది ఈ వాపు వల్లే. మరి బారెట్స్ ఉందా అంటే ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఇంత మంట మీద ముక్క తీస్తే, కాలిన కణాలు కూడా చెడ్డ కణాల్లాగే కనపడి రిపోర్టు గజిబిజిగా వస్తుంది, ముందు పుండ్లు మాన్పి మళ్లీ చూడాలి. ఎనిమిది వారాలు మందు రాశాడు.

అదే మందు, నేను ఇన్నేళ్లు జేబులో పెట్టుకు తిరిగిన పాంటాప్రజోల్! తేడా అంతా వేసుకునే తీరులో ఉంది. పొద్దున టిఫిన్‌కు, రాత్రి అన్నానికి అరగంట ముందు, ఖాళీ కడుపున, రోజూ. కడుపులో యాసిడ్ తోడే పంపులను తిండికి ముందే మూయించాలి, తిని మంట లేచాక వేస్తే సగం వృథా. మిల్లులో హమాలీలకు ఈ సంగతి చెప్తే "గట్లనా సేటూ" అని వింతగా చూశారు.

మిగతావి చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. రాత్రి తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు. సీజన్‌లో అది ఎట్లా కుదురుతుంది? మా ఆమె ఏడున్నరకే టిఫిన్ బాక్సు మిల్లుకు పంపడం మొదలుపెట్టింది, తూకం చీటీల మధ్యనే తింటున్నా. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం, ఆరు అంగుళాల ఎత్తు. రెండు దిండ్లు వేసుకుంటే చాలదా అంటే, దిండ్లతో నడుం మడత పడి పొట్ట ఇంకా నొక్కుకుంటుందన్నాడు. మొదట్లో రాత్రంతా కాళ్లవైపు జారిపోయేవాణ్ణి, మా ఆమె తన పడక కిందికి మార్చుకుంది. ఎడమ పక్కకు పడుకుంటే మంట తక్కువ, ఇది నిజమే, మొదటి రాత్రే తెలిసింది. పచ్చిపులుసు మానలేదు. నాకు పులుపు కన్నా రాత్రి పూట మాంసం, కొవ్వు పడదని తెలిసింది, అది తగ్గించా. బరువు ఆరు కిలోలు దిగింది, చాయ్‌లు సగం చేశా.

రెండో ఎండోస్కోపీకి మత్తు తీసుకున్నా, ఈసారి చాలా ముక్కలు తీస్తానన్నాడు గనక. సూది వేశారు, "అయిపోయింది లెవ్వున్రి" అన్నారు, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. పుండ్లన్నీ మానినయ్. మానిన చోట ఎర్రటి నాలుక లాంటి చార ఒకటి కడుపు నుంచి పైకి రెండు సెంటీమీటర్లు పాకి ఉంది. రిపోర్టులో సీ0ఎం2 అని రాశారు. సీ అంటే పొర చుట్టూ మారిన ఎత్తు, అది సున్నా, ఎం అంటే ఎక్కువలో ఎక్కువ ఎంత పైకి పాకిందో ఆ కొలత. మళ్లీ చూసినప్పుడు పెరిగిందా లేదా పోల్చడానికి ఈ రాత పనికొస్తుంది, కాబట్టి మీ రిపోర్టులో ఇది లేకపోతే అడగండి.

బయాప్సీ రావడానికి వారం. ఆ వారం గురించి రాయడానికేమీ లేదు, మిల్లులో లెక్కలు తప్పుతుంటే ఓనర్ ఇంటికి పొమ్మన్నాడు. వచ్చిన కాగితంలో పేగు రకం కణాలు ఉన్నాయి, డిస్‌ప్లేజియా లేదు అని ఉంది. అంటే బారెట్స్ ఉంది, కణాలు ఇంకా చెడు దారి పట్టలేదు. ఈ దశలో ఉన్నవాళ్లలో ఏడాదికి రెండు వందల మందిలో ఒకరికి కూడా క్యాన్సర్‌గా మారదని డాక్టర్ చెప్పాడు. మారే సూచనలు కనపడ్డా, ఛాతీ కోయకుండా పైపు లోంచే ఆ పొరను కాల్చేయొచ్చు, గరుకు భాగం ఉంటే చెక్కి తీసేయొచ్చు, హైదరాబాద్‌లో చేస్తారు. మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే ఐదేళ్లకోసారి చూస్తే చాలని నియమం, మీ నాయిన సంగతి ఉంది కాబట్టి మూడేళ్లకు రండి అన్నాడు. గోలీ మాత్రం రోజూ, ఒక పూట, ఆపేది లేదు.

ఖర్చు అడిగేవాళ్లు ఉంటారు. మొదటిది మూడు వేల లోపు అయింది, రెండోది మత్తు, బయాప్సీ కలుపుకుని ఎనిమిది వేల దాకా. అంత పెట్టలేనివాళ్లకు హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ రెండింట్లోనూ గ్యాస్ట్రో విభాగాలున్నయ్, ఎండోస్కోపీ చేస్తారు. క్యూ ఉంటుంది, పొద్దున్నే పోవాలి.

తోబుట్టువుల సంగతి కూడా అడిగా. మా అక్కకు మంట లేదు, ఆమెకేమీ అక్కర్లేదన్నాడు. తమ్ముడి సంగతి వేరు. నలభై మూడేళ్లు, నాకంటే పెద్ద పొట్ట, బీడీ, ఎనిమిదేళ్ల నుంచి మంట, దానికి గోలీ, సోడా. నా రిపోర్టు, నాయిన కాగితం రెండూ ఫోన్‌లో పంపా. నాట్లు అయినాక పోతా అన్నాడు, నాట్లయినయ్, కోతలైనాక అన్నాడు. చివరికి వాళ్ల బిడ్డకు ఫోన్ చేసి, ఇంటర్ చదువుతుంది, "మీ నాయినను నువ్వే తీసుకొచ్చే పూచీ" అని చెప్పా. వచ్చే గురువారానికి పేరు రాయించింది. నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు, "అన్నా, పైపు ఎంత లావుంటదే?" అని. చిటికెన వేలంత అని చెప్పి, మత్తు తీసుకో, పైసలు నేనిస్తా అన్నా. గోలీ ఆపినవా అని అడిగితే, "ఆపిన, మంట సంపుతున్నది" అన్నాడు. తెల్లమందు ఏ షాపులో దొరుకుతుందో చెప్పి పెట్టేశా.